‘ఆయ్’ అనే జవాబు వెనుక: ఒక డీజిల్ మెకానిక్ మాస్టారి వినికిడి కేసు

నేను అమలాపురంలో ఆడియాలజిస్టుగా, అంటే వినికిడి పరీక్షించి పరికరాలు అమర్చే నిపుణుడిగా, పనిచేస్తున్నాను. ఈ కేసు 2023 ఫిబ్రవరిలో నా దగ్గరకు వచ్చింది. ఆయన అనుమతితోనే రాస్తున్నాను కాని పేరు, ఊరు చెప్పడం లేదు. శిష్యులందరూ పిలిచినట్టే మాస్టారు అని రాస్తాను. అప్పటికి ఆయన వయసు 66. సైన్యంలో 17 ఏళ్లు, ఒక ప్రైవేటు ఐటీఐలో డీజిల్ మెకానిక్ ట్రేడు బోధకుడిగా 24 ఏళ్లు పనిచేశారు. పదవీ విరమణ తరువాత ఇంటి వెనుక రేకుల షెడ్డులో ఆదివారాలు ఊరి కుర్రాళ్లకు ఉచితంగా ఇంజను పని నేర్పుతున్నారు. వరదలొస్తే గోదావరి పాయల మధ్య ఉండే లంక గ్రామాలకు ఇంజను పడవ నడుపుకుంటూ వెళ్తారు. ఇలాంటి ఆడియోగ్రాములు (వినికిడి పరీక్షలో వచ్చే గీతలు) నెలకు నాలుగైదు నా బల్ల మీదికి వస్తూనే ఉంటాయి కనుక ఇది అరుదైన కేసేమీ కాదు. మొదటి విడతలో నేను చేసిన పని పూర్తిగా విఫలమైంది, ఆ తప్పు నేను రాసుకున్న కేసు షీటులోనే ఉంది. అందుకే దీన్ని వివరంగా రాయాలనిపించింది.

మాస్టారు తనంతట తాను రాలేదు, ఆయన భార్య తీసుకొచ్చారు. అంతకుముందు వాళ్లు వెళ్లింది జనరల్ ఫిజీషియన్ దగ్గరకు, అదీ చెవుల కోసం కాదు. “ఏం చెప్పినా ఆయ్ అంటారండీ, చేసేది మాత్రం ఇంకోటి. మతిమరుపు మొదలైందేమోనని భయంగా ఉంది,” అని ఆవిడ అక్కడ చెప్పారట. ఆ వైద్యుడు జ్ఞాపకశక్తి పరీక్షలు చేసి, లోపమేమీ కనిపించకపోవడంతో, మాట సరిగా వినబడుతోందో లేదో చూడమని నా దగ్గరకు పంపారు. వినికిడి లోపాన్ని మతిమరుపుగా పొరబడడం మామూలుగా జరిగేదే. మా గోదావరి జిల్లాల్లో దానికి ఇంకో సదుపాయం కూడా ఉంది. ఎదుటివారి మాటకు మర్యాదగా ‘ఆయ్’ అనడం ఇక్కడి అలవాటు. అర్థమైనా ఆయ్, కాకపోయినా ఆయ్. తనకు అందని ప్రతి మాటనూ మాస్టారు ఆ ఒక్క అక్షరంతోనే కనీసం పదేళ్లు దాటవేశారని తరువాత లెక్క తేలింది.

నా మొదటి కేసు షీటులో వృత్తి అన్న గడిలో ‘రిటైర్డ్ ఉపాధ్యాయుడు’ అని రాసుకున్నాను. పెద్ద శబ్దాల మధ్య పనిచేశారా అని అడిగాను. ఆయన “ఆయ్, మామూలేనండి,” అన్నారు. ఉపాధ్యాయుడంటే నా మనసులో మెదిలింది సుద్దముక్క, నల్లబల్ల, నలభైమంది పిల్లలు. ఆ ‘మామూలే’కు అర్థమేమిటని మళ్లీ అడగలేదు.

పరీక్ష వివరాలు ఇవి. చెవిగుల్లలు శుభ్రంగా ఉన్నాయి, కర్ణభేరులు మామూలుగా ఉన్నాయి, కర్ణభేరి కదలికను కొలిచే టింపనోమెట్రీలో రెండు వైపులా మామూలుగా ఉండే ‘ఎ’ తరహా రేఖ వచ్చింది కాబట్టి మధ్యచెవిలో దోషం లేదు. కింది అంకెల్లో హెర్ట్జ్ అంటే శబ్దపు పౌనఃపున్యం, అంకె పెరిగేకొద్దీ శబ్దం సన్నబడుతుంది; డెసిబెల్ అంటే అది వినబడడానికి ఎంత బిగ్గరగా ఉండాలో, అంకె పెరిగితే లోపం పెరిగినట్టు. కుడి చెవి 500 హెర్ట్జ్ వద్ద 20 డెసిబెళ్లకు, 1000 వద్ద 25కు, 2000 వద్ద 40కి, 4000 వద్ద 65కు పలికింది. ఎడమ చెవికి అవే చోట్ల 20, 30, 50, 75 అవసరమయ్యాయి. 8000 హెర్ట్జ్ దగ్గర రెండు చెవులూ పది డెసిబెళ్ల చొప్పున మళ్లీ తేరుకున్నాయి. వయసుతో వచ్చే వినికిడి తగ్గుదలలో గీత కుడివైపుకు జారుతూనే పోతుంది. ఇలా 4000 దగ్గర గుంట పడి 8000 దగ్గర లేచిందంటే లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే కేశకణాలను శబ్దం దెబ్బతీసిందని అనుమానించాలి. ఎముక ద్వారా చేసిన పరీక్ష కూడా అదే గీతను చూపించింది. నిశ్శబ్దపు గదిలో 25 పదాలు వినిపిస్తే కుడి చెవితో 21, ఎడమ చెవితో 18 సరిగా చెప్పారు. వెనుక రొద కలిపి రెండు చెవులకూ కలిపి వినిపిస్తే 12కు పడిపోయారు. చెవిలో హోరు ఎన్నేళ్ల నుంచి ఉందో ఆయనకే గుర్తులేదు. రెండు చెవుల మధ్య తేడా ఉంది కనుక, చెవి నరం మీద గడ్డ ఏదైనా ఉందేమోనని ఈఎన్‌టీ వైద్యుడి ద్వారా ఎమ్మారై చేయించాం. అందులో ఏమీ లేదు.

తెలుగు వినేవాడి చెవిలో ఈ గీతకు ఏమవుతుందో కాస్త చెప్పాలి. మన మాటల్లో చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి. అచ్చుల బలం ఎక్కువగా తక్కువ పౌనఃపున్యాల్లో ఉంటుంది, అక్కడ మాస్టారి చెవి ఇంచుమించు బాగానే ఉంది. క, త, ప, స, చ వంటి హల్లులను వేరుచేసే సన్నని శబ్దం మాత్రం ఎక్కువగా 2000 హెర్ట్జ్‌కు పైన ఉంటుంది, అక్కడే ఆయన చెవి పోయింది. అందువల్ల ఆయనకు మాట వినిపిస్తుంది, దాని తోక కూడా వినిపిస్తుంది, తలే ఉండదు. పాలు, కాలు, తాలు మూడూ ఆయనకు ఒకటే. ఇంట్లో అయితే సందర్భం చూసి ఊహించుకోవచ్చు. పెద్దగా అరిచి చెబితే మాట స్పష్టం కాదు సరికదా, చెవి పగిలినట్టుంటుంది. “ఆయనకు కావలసినవే వినబడతాయి,” అని ఇంటివాళ్లు అనే మాట ఈ దశలోనే పుడుతుంది.

500, 1000, 2000 హెర్ట్జ్‌ల సగటు తీస్తే ఆయన లోపం కుడివైపు 28, ఎడమవైపు 33 డెసిబెళ్లు. కాగితం మీద ఇది స్వల్ప లోపం. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 ప్రకారం వినికిడి లోపం కింద గుర్తింపు రావాలంటే రెండు చెవుల్లోనూ సంభాషణ పౌనఃపున్యాల వద్ద 60 డెసిబెళ్లయినా ఉండాలి. అందుచేత ఈ మనిషికి ఏ ధ్రువపత్రమూ రాదు.

మార్చిలో రెండు చెవులకూ చెవి వెనుక పెట్టుకునే డిజిటల్ పరికరాలు అమర్చాను. గదిలో పరీక్షిస్తే 25 పదాలకు 23 చెప్పారు. ఆయన భార్య సంతోషించారు, నేనూ సంతోషించాను. ఆరు వారాల తరువాత వచ్చినప్పుడు ఎలా ఉన్నాయని అడిగితే, ఊహించినట్టే, “ఆయ్, బాగున్నాయండి,” అన్నారు. కాని ఈ పరికరాలు రోజుకు ఎంతసేపు పనిచేశాయో తమలోనే నమోదు చేసుకుంటాయి. కంప్యూటరుకు తగిలిస్తే సగటు గంటా పది నిమిషాలని తేలింది. ఆ సంఖ్య చూపించి, “మాస్టారూ, మిగతా వేళ ఎక్కడ పెడుతున్నారు?” అని అడిగాను. ఆయన కాసేపు ఊరుకొని చొక్కా జేబు తట్టారు. “వీటితో ఇంజను గొంతు మారిపోతోందండి. నాకు తెలిసిన ఇంజను కాదది. పైగా షెడ్డులోకి వెళ్లగానే ఇంజను శబ్దం దానంతటదే తగ్గిపోతోంది. తగ్గించమని నేనడగలేదు కదా డాక్టరు గారూ,” అన్నారు. నేను వైద్యుణ్ణి కానని రెండుసార్లు చెప్పి చూసి, ఆ తరువాత మానేశాను.

ఆయన చెప్పినది అక్షరాలా నిజం. ఇలాంటి పరికరాల్లో రొదను తగ్గించే ఏర్పాటు ఉంటుంది. ఎడతెగకుండా ఒకే తీరున వచ్చే శబ్దాన్ని అది రొదగా భావించి అణచివేస్తుంది. మనలో చాలామందికి డీజిల్ ఇంజను రొదే. మాస్టారికి మాత్రం నలభై ఏళ్లుగా వినవలసిన మాట అదే. ఆయన వినాలనుకునేదాన్నే నేను డబ్బు పెట్టించి అణచివేయించాను.

అప్పుడు కేసు షీటు పక్కన పెట్టి, ఒక తెల్లకాగితం తీసి, ఏ సంవత్సరంలో ఎక్కడ, ఏ యంత్రం పక్కన, రోజుకు ఎన్ని గంటలు అని మొదటి నుంచి అడుగుతూ వెళ్లాను. గంటన్నర పట్టింది. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని మిలిటరీ మాధవరం అంటారు కదా, అక్కడి బంధువులను చూసి పద్దెనిమిదో ఏట, 1975లో, సైన్యంలో చేరారట. సికింద్రాబాదులో సైన్యపు యంత్రాల మరమ్మతు విభాగమైన ఈఎంఈ కేంద్రంలో వాహన మెకానిక్‌గా శిక్షణ పొందారు. తరువాత ఎక్కువకాలం ఒక ఫిరంగి రెజిమెంటుకు అనుబంధమైన చిన్న మరమ్మతు దళం, లైట్ ఎయిడ్ డిటాచ్‌మెంట్‌లో శక్తిమాన్ ట్రక్కుల ఇంజన్లు విప్పి బిగిస్తూ గడిపారు. ఏటా 7.62 మిల్లీమీటర్ల సెల్ఫ్ లోడింగ్ రైఫిలుతో కాల్పుల సాధన ఉండేది. దాని పేలుడు ఉచ్చస్థాయిలో 150 డెసిబెళ్లు దాటుతుంది. కుడి భుజానికి ఆనించి కాల్చేవాడి తల కొంత పక్కకు వాలుతుంది. కుడి చెవి తల నీడలోకి పోతుంది, ఎడమ చెవి గొట్టం మూతి వైపు తిరిగి ఉంటుంది. ఎమ్మారై చేయించినా సమాధానం దొరకని తేడాకు సమాధానం ఇక్కడ దొరికింది. ముందే అడిగి ఉంటే ఎమ్మారై చేయించేవాణ్ణి కాదని అనను, ఎలాగూ చేయించాలి. కాని ఆ వారం రోజులూ ఆ ఇంట్లోవాళ్లు పడిన ఆందోళన కొంత తగ్గేది.

సైన్యం నుంచి విడుదలైనప్పుడు చెవుల గురించి ఆయన ఏమీ చెప్పుకోలేదు. అక్కడి వైద్యపరీక్షలో ఆరు మీటర్ల దూరం నుంచి చెప్పే మామూలు మాట, గుసగుస వినబడితే వినికిడి సరిపోయినట్టే. ఒక్కో పౌనఃపున్యాన్నీ విడిగా కొలిచే పరీక్ష కాదది. ఐటీఐలో రేకుల కప్పు కింద ఒకేసారి నాలుగైదు ఇంజన్లు నడిపేవారట. తాను విద్యార్థుల ప్రశ్నలకు జవాబివ్వనని పేరు పడిందని నవ్వుతూ చెప్పారు. వెనుక వరుసలోవాడు ఒకటి అడిగితే తానొకటి చెప్పడం, పిల్లలు నవ్వడం నాలుగైదుసార్లు జరిగాక, ప్రశ్నలకు చోటే లేకుండా గంట మొత్తం తానే మాట్లాడడం మొదలుపెట్టారట. వినలేనివారు తరచుగా ఎక్కువ మాట్లాడతారు. మాట తమ చేతిలో ఉన్నంతసేపు వినవలసిన అవసరం ఉండదు. శిష్యులు దాన్ని కఠినత్వం అనుకున్నారు.

స్వచ్ఛంద సేవ 1996 నవంబరు 6 తుపానుతో మొదలైంది. కోనసీమలో కొబ్బరిచెట్లు వరుసలు వరుసలుగా పడిపోయి, కరెంటు లేక, తాగునీటి ట్యాంకులు ఎండిపోయిన ఆ వారాల్లో ఆయన ఊరూరూ తిరిగి డీజిల్ జనరేటర్లను నడిపించి నీళ్లు ఎక్కించారు. అప్పటి నుంచి వరదకొక పడవ. పడవ అంటే వెనుక ఒంటి సిలిండర్ ఇంజను, సైలెన్సరు పేరుకే ఉంటుంది.

అసలు సంగతి అందరికన్నా చివర చెప్పారు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది, ధవళేశ్వరం బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వదిలారు. ధవళేశ్వరంలో మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగుల దగ్గర, అంటే సుమారు 17 లక్షల క్యూసెక్కులకే ఇస్తారని గుర్తుంచుకుంటే లంకల పరిస్థితి ఊహించవచ్చు. ఒక లంకలో ఏడుగురిని ఎక్కించుకుని ఏటిగట్టుకు చేరుకుంటున్నప్పుడు గట్టు మీద ఉన్న కుర్రాడు తాడు విసిరి, “తాడు పట్టు, తాడు పట్టు!” అని అరిచాడు. మాస్టారికి అది “తాడు కట్టు” అని వినిపించింది. చేత్తో పట్టుకుని వదులుతూ బిగిస్తూ రావలసిన తాడును ఆయన పడవ ముక్కుకు బిగించి కట్టేశారు. ప్రవాహం పడవ వెనుక భాగాన్ని తోసి అడ్డంగా తిప్పింది, ఒక అంచు మీదుగా నీళ్లు లోపలికి వచ్చాయి. ఒక పెద్దాయన కత్తితో తాడు కోయబట్టి సరిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. “ఆ కుర్రాణ్ణి నేనే తిట్టానండి, సరిగా చెప్పి చావమని. వాడు సరిగానే చెప్పాడు,” అన్నారు మాస్టారు. తాను ఆ మాట భార్యకు కూడా చెప్పలేదట.

మే నెలలో ఒక ఆదివారం సౌండ్ లెవెల్ మీటరు తీసుకుని ఆ షెడ్డుకు వెళ్లాను. పదకొండుమంది కుర్రాళ్లున్నారు. వాళ్లు బాగుచేసే ఇంజన్లలో చాలావరకు ఆక్వా చెరువుల నుంచి వచ్చినవే. కరెంటు పోయిన రాత్రి నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగితే తెల్లారేసరికి రొయ్య తేలిపోతుంది కాబట్టి చెరువు గట్టున జనరేటరు తప్పనిసరి. నడుస్తున్న ఒక ఇంజనుకు మీటరు దూరంలో 98 డెసిబెళ్లు వచ్చాయి. మన ఫ్యాక్టరీ నిబంధనల ప్రకారం 90 డెసిబెళ్ల దగ్గర ఎనిమిది గంటలు, 100 దగ్గర రెండు గంటలు మించకూడదు. నేను పాటించే కొలత ఇంతకన్నా కఠినమైనది: 85 దగ్గర ఎనిమిది గంటలు, ఆపైన ప్రతి మూడు డెసిబెళ్లకూ వ్యవధి సగానికి తగ్గుతుంది. ఆ లెక్కన ఈ ఇంజను పక్కన అరగంట కూడా నిలబడకూడదు. మాస్టారు ఎప్పటి నుంచో దూది పెట్టుకుంటున్నారట. దూది ఆపే శబ్దం నామమాత్రం.

అక్కడ ఆయన ఇంజను ఎలా వింటారో చూపించమని అడిగాను. చెక్క పిడి ఉన్న పొడవాటి స్క్రూడ్రైవరు తీసుకున్నారు. దాని మొనను సిలిండర్ బ్లాకు మీద, క్రాంకు ఉండే ఎత్తున ఆనించి, పిడిని కుడి చెవి వెనుక ఎముకకు అదిమి, కళ్లు మూసుకున్నారు. ఎముక ద్వారా వినికిడిని కొలవడానికి నేను వైబ్రేటరు పెట్టే చోటు సరిగ్గా అదే. పది క్షణాల తరువాత, “బిగ్ ఎండ్ బేరింగు కొట్టుకుంటోంది, విప్పండి,” అన్నారు. విప్పితే బేరింగు షెల్లు అరిగి రాగి రంగు తేలి ఉంది. ఆ దెబ్బ శబ్దం బరువైనది, తక్కువ పౌనఃపున్యానిది, కనుక ఆయన చెవికి అందుతుంది. తన చెవి బాగానే ఉందని అన్నేళ్లు నమ్మడానికి ఇదే ఆధారం. కాసేపటికి మరో ఇంజను దగ్గర పందొమ్మిదేళ్ల కుర్రాడు, “మాస్టారండీ, హెడ్ గ్యాస్కెట్ దగ్గర సుయ్‌మంటోంది,” అన్నాడు. మాస్టారు ఆయ్ అన్నారు. అని, వంగి, హెడ్డు చుట్టూ అరచేతిని వేడికి కాస్త దూరంగా మెల్లగా తిప్పుకుంటూ వెళ్లి, ఒక మూల ఆపారు. లీకవుతున్న గాలి చేతికి తగిలింది. వినబడని శబ్దాన్ని ఆయన చేత్తో వెతుక్కుంటున్నారని ఆ కుర్రాడికి తెలియదు; అదొక పనితనమని అనుకుంటున్నాడు. పనితనమే, కాదనడానికి లేదు.

జూన్‌లో మళ్లీ అమర్చాను. ఇంటికి ఒక ప్రోగ్రాము, షెడ్డుకు ఇంకొకటి. షెడ్డు ప్రోగ్రాములో రొద తగ్గించే ఏర్పాటును దాదాపు తీసేసి, గరిష్ఠ శబ్దస్థాయిని దించాను. నడుస్తున్న ఇంజనుకు దగ్గరగా ఉన్నంతసేపు మాత్రం పరికరాలు తీసి, అన్ని పౌనఃపున్యాలనూ ఇంచుమించు సమానంగా 15 డెసిబెళ్లు తగ్గించే ఫిల్టరు ప్లగ్గులు పెట్టుకోవాలన్నాను. మామూలు స్పాంజి ప్లగ్గులు సన్నని శబ్దాలను ఎక్కువగా మింగేస్తాయి. ఇంజను గొంతు మారిపోతే ఆయన మళ్లీ జేబులోకే చేరుస్తారు. పాఠం చెప్పేటప్పుడు కుర్రాళ్ల చేతికి ఒక చిన్న వైర్‌లెస్ మైకు ఇచ్చాం. ప్రశ్న అడగాలనుకున్నవాడు దాన్ని పట్టుకుని అడగాలి. మొదటి ఆదివారం సిగ్గుపడ్డారట, మూడో వారానికి దానికోసం పోట్లాడుకున్నారట.

పడవకు మాత్రం నా దగ్గర ఉపాయం లేదు. నీళ్లలో పరికరం పెట్టుకోనివ్వలేను, పెట్టుకున్నా ఆ ఇంజను పక్కన మాట అందదు. దారి ఆయనే చూసుకున్నారు. సైన్యంలో కాన్వాయ్ నడిపేటప్పుడు మాట లేకుండా చేతులతోనే ఆజ్ఞలిచ్చేవారు; వాటిని కొద్దిగా మార్చి పడవకు పన్నెండు సైగలు తయారుచేశారు. పిడికిలి బిగించి పైకెత్తితే తాడు పట్టుకో అని, రెండు మణికట్లూ ఒకదానిమీదొకటి అడ్డంగా పెడితే కట్టు అని. అర్థమైందని ఎదుటివాడు అదే సైగను తిరిగి చేసి చూపించాలి. ఆయ్ అనడం చెల్లదు. ఆ నియమం ఆయనే పెట్టారు. ఆ జూలై ఆఖరులో భద్రాచలం దగ్గర నీరు మళ్లీ 53 అడుగుల మూడో హెచ్చరిక దాటినప్పుడు ఈ సైగలతోనే రెండు రోజులు పడవ నడిపారు.

ఆ వర్షాల్లోనే ఎడమ పరికరంలో శబ్దాన్ని చెవిలోకి పంపే రిసీవరు తుప్పు పట్టి మూగబోయింది. మా తీరప్రాంతపు తేమ, ఉప్పుగాలి, చెమట ఈ పరికరాలకు గిట్టవు. రాత్రిపూట సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టమని మొదట్లోనే చెప్పాను కాని ఎందుకో చెప్పలేదు. ఇప్పుడాయన స్టీలు క్యారేజీ గిన్నెలో గుడ్డ సంచి కట్టి పెట్టుకున్నారు, గింజలు నీలం నుంచి గులాబీ రంగుకు మారగానే పెనం మీద వేడిచేసి మళ్లీ వాడుతున్నారు. ఆ తరువాత రిసీవరు పోలేదు.

2024 మేలో చూసినప్పుడు వాడకం సగటున రోజుకు ఆరున్నర గంటలు. రొదలో మైకు సాయంతో 25 పదాలకు 20 చెప్పగలిగారు. హోరు తగ్గలేదు, తగ్గుతుందని నేను మాటివ్వలేదు. ఎడమ చెవి 4000 వద్ద 80కి దిగింది. అయిదు డెసిబెళ్లు పరీక్షలో సహజంగా వచ్చే తేడా కావచ్చు, కాకనూ పోవచ్చు, ఆరు నెలల తరువాత మళ్లీ చూడాలి. ఆయన భార్య మాత్రం కొత్త ఫిర్యాదు తెచ్చారు: ఇప్పుడు ఫోనులో తాను అక్కాచెల్లెళ్లతో మాట్లాడేదంతా పక్కగదిలోంచి వింటున్నారట.

ఆ రోజు మాస్టారు ఒంటరిగా రాలేదు, ఆ పదకొండుమందిని రెండు ఆటోల్లో తెచ్చారు. అందరికీ పరీక్ష చేస్తే ముగ్గురికి 4000 దగ్గర చిన్న గుంట కనిపించింది. వారిలో గ్యాస్కెట్ లీకు విన్న కుర్రాడు కూడా ఉన్నాడు; కుడి చెవి 10, ఎడమ చెవి 30. తుపాకీ ఎప్పుడూ పట్టుకోలేదు. ఇంజను హ్యాండిలు తిప్పేటప్పుడు ఎటు నిలబడతావని అడిగితే చూపించాడు: ఎడమ చెవి సరిగ్గా సైలెన్సరు మూతికి ఎదురుగా ఉంది. మరుసటి ఆదివారం ఆ ఇంజనుకు కొత్త సైలెన్సరు బిగించి, మూతిని రెండో వైపుకు తిప్పి నాకు ఫోను చేశారు, వచ్చి మళ్లీ కొలవమని. 91 వచ్చింది. ప్లగ్గులు తీయవద్దని చెప్పి వచ్చాను.